పసిబిడ్డ అర్రలో ఎయిర్ ప్యూరిఫైయర్: ఎంత పని చేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

పది వేల రూపాయల లోపు దొరికే హెపా (గాలిలోని సన్నని రేణువులను పట్టే ఫిల్టరు) ఎయిర్ ప్యూరిఫైయర్ల మీద ఈ సమీక్ష. ఫలానా కంపెనీ అని కాదు. ఆ ధరలో వచ్చే మిషన్లన్నీ లోపల దాదాపు ఒకే తీరు: బయట దుమ్ము ఆపే జాలి, దాని వెనక మడతలు మడతలుగా హెపా ఫిల్టరు, కొన్నిట్లో పలుచని బొగ్గు పొర, గాలి లాగడానికి ఒక ఫ్యాను. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు రెండేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో దీన్ని కొనొచ్చా అన్నదే ప్రశ్న. మా మాట ముందే చెప్తున్నాం. డాబా ఇల్లు, గ్యాస్ పొయ్యి, తలుపులు సరిగా మూసుకునే పడకగది ఉంటే కొనండి, బిడ్డకు మేలే. ఇంట్లో ఇంకా కట్టెల పొయ్యి మండుతుంటే మాత్రం ఆ పది వేలు గ్యాస్‌కూ ఎగ్జాస్ట్ ఫ్యానుకూ పెట్టండి. పొగ పుట్టే చోట ఆపకుండా ఫిల్టరుతో పట్టుకోవాలని చూస్తే పైసలు పోతాయి, పొగ పోదు.

పెద్దవాళ్ల కంటే పసివాళ్లకే ఇది ఎందుకు ముఖ్యమంటే, వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా తయారవుతూనే ఉంటాయి. గాలి గొట్టాల కొమ్మలు కడుపులో ఉన్నప్పుడే, నాలుగో నెల దాటేసరికి ఏర్పడతాయి. రక్తంలోకి ఆక్సిజన్ చేరే గాలి గదులు మాత్రం చాలావరకు పుట్టాకే వస్తాయి, అందులో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్లలోనే. పుట్టిన బిడ్డ నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది, పెద్దవాళ్లు 12 నుంచి 20 సార్లు. ఒంటి బరువుతో పోల్చి చూస్తే బిడ్డ లోపలికి వెళ్లే గాలి మనకంటే చాలా ఎక్కువ, దానితో పాటే పొగ కూడా. పైగా గొట్టాలు సన్నం. 4 మిల్లీమీటర్ల గొట్టంలో చుట్టూ 1 మిల్లీమీటరు వాపు వచ్చిందంటే గాలి పోయే దారి నాలుగో వంతుకు పడిపోతుంది. అంతే వాపు పెద్దవాళ్లకు వస్తే గొంతు గరగరతో సరిపోతుంది. బిడ్డకైతే పక్కటెముకలు లోపలికి గుంజుకుపోతాయి.

ఈ నష్టం పెద్దయ్యాక కూడా కనిపిస్తుందని చెప్పడానికి గట్టి ఆధారం దక్షిణ కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి సాగిన పరిశోధన. 12 ఊళ్ల పిల్లల్ని పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా గమనించి 2004లో ఫలితాలు ప్రచురించారు. సన్నని ధూళి అతి తక్కువ ఉన్న ఊళ్లో 1.6 శాతం పిల్లలకు ఊపిరి ఊదే శక్తి బాగా తక్కువగా ఉంటే, అతి ఎక్కువ ఉన్న ఊళ్లో 7.9 శాతం మందికి అలా ఉంది. అక్కడే గాలి బాగుపడ్డాక పెరిగిన పిల్లల్లో ఈ శాతం సగానికి పైగా తగ్గిందని 2015లో తేలింది. గాలి మారితే పిల్లల ఊపిరితిత్తులు మారతాయన్నమాట. మనం పట్టుకోవాల్సింది ఈ రెండో ఫలితాన్నే.

నల్లగొండ చిన్న పట్నమే కదా, ఢిల్లీ కాదు కదా అనుకునేవాళ్లు చాలామంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాల జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డితో పాటు నల్లగొండ పేరు కూడా ఉంది. మన దగ్గర గాలిని చెడగొట్టేవి కాలాన్ని బట్టి మారతాయి. వానాకాలం, యాసంగి కోతలయ్యాక వరి కొయ్యకాళ్లు కాలబెట్టే పొగ, పాలమూరు వైపు పత్తి కట్టె మంటలు, రైస్ మిల్లుల ఊక బూడిద, కంకర మిల్లుల దుమ్ము, ఎండాకాలం రోడ్ల మీద లేచే మట్టి. వీటిలో మట్టి, కంకర దుమ్ము లావు రేణువులు. ఎక్కువగా ముక్కు, గొంతు దగ్గరే ఆగుతాయి. పొగ రేణువులు పీఎం 2.5 అనే రకంలోకి, అంటే 2.5 మైక్రాన్ల లోపు సన్నని రేణువుల్లోకి వస్తాయి, ఊపిరితిత్తుల అడుగు దాకా దిగేవి అవే. ఒక రోజు సగటుకు మన దేశపు హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15.

ఇక మిషను సంగతి. డబ్బా మీద చూడాల్సిన అంకె ఒక్కటే: సీఏడీఆర్. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే లెక్క అది. '500 చదరపు అడుగుల గదికి సరిపోతుంది' అని పెద్ద అక్షరాలతో రాసేదాన్ని పట్టించుకోవద్దు. గదిలో గాలి గంటకు ఒకటి రెండు సార్లు తిరిగితే చాలనుకుని వేసిన లెక్కలు అందులో చాలా ఉంటాయి. బిడ్డ గదిలో గాలి గంటకు కనీసం ఐదుసార్లు ఫిల్టరు గుండా తిరగాలి. కప్పు పది అడుగుల ఎత్తుంటే గది చదరపు అడుగులను 1.4తో గుణించండి. 10 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గది 120 చదరపు అడుగులు, దానికి సుమారు 170 సీఏడీఆర్ కావాలి. కప్పు పన్నెండు అడుగులైతే 1.7తో గుణించాలి. కొన్ని డబ్బాల మీద సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) అని ఉంటుంది, దాన్ని 1.7తో గుణిస్తే ఘనపు మీటర్ల లెక్క వస్తుంది.

అయితే సరిగ్గా 170 ఉన్నదే కొంటే ఇబ్బంది. ఆ అంకె ఫ్యాను పూర్తి వేగంతో తిరిగినప్పటిది. ఆ చప్పుడుకు బిడ్డ పడుకోదు, రెండో రోజే ఎవరో ఒకరు స్లీప్ మోడ్‌లో పెడతారు. స్లీప్ మోడ్‌లో గాలి మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోతుంది. అందుకే 300 నుంచి 350 సీఏడీఆర్ ఉన్నది కొని మధ్య వేగంలో నడపండి. ఈ ధరలో దొరుకుతాయి కూడా. ఫిల్టరు మీద అసలైన హెపాకు గుర్తుగా హెచ్13 అని స్పష్టంగా రాసి ఉండాలి. 'హెపా టైప్', 'హెపా లాంటిది' అన్న మాటలుంటే పక్కన పెట్టేయండి. అయొనైజర్ (గాలిలోకి విద్యుత్ కణాలు వదిలే భాగం, కొన్ని ఓజోన్ కూడా వదులుతాయి) ఉంటే దాన్ని ఆపేసే మీట విడిగా ఉండాలి. ఓజోన్ వదిలేది ఏదైనా పిల్లల గదిలో వద్దే వద్దు, ఓజోన్ స్వయంగా ఊపిరితిత్తులను మండించే వాయువు.

మన ఇళ్లలో ఈ మిషన్లు ఓడిపోయేది ఎక్కువగా గది దగ్గర. తలుపు, కిటికీ మూసిన గదిలోకి సందుల గుండా గంటకు ఒకసారి బయటి గాలి మారుతుందనుకోండి. బయట పీఎం 2.5 60 మైక్రోగ్రాములు ఉంటే, గంటకు ఐదుసార్లు తిప్పే మిషను లోపల 10 దగ్గర నిలబెడుతుంది. కిటికీల మీద, దర్వాజ మీద మూత లేని వెంటిలేటర్లుండి గంటకు ఐదుసార్లు బయటి గాలి వస్తుంటే అదే మిషను 30 దగ్గరే ఆగిపోతుంది. ఇక కూలర్ నడిచిందంటే లెక్కే మారిపోతుంది. కిటికీలో పెట్టిన కూలర్ బయటి గాలిని గంటకు ఇరవై సార్లకు పైగా గదిలోకి తోస్తుంది, లోపల 48 ఉంటుంది. కూలర్ గడ్డి లావు దుమ్మును పడుతుంది కానీ పొగను పట్టదు. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కూలర్, ప్యూరిఫైయర్ కలిపి నడపడం కరెంటు దండగ. ఏసీతో మాత్రం జోడీ బాగుంటుంది, స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది.

వెంటిలేటర్లకు పెద్ద ఖర్చేమీ లేదు. కొలత తీసుకుని పారదర్శక యాక్రిలిక్ ముక్క కోయించి, లోపలి వైపు స్క్రూలతో బిగించండి. సీజన్ అయ్యాక తీసేయొచ్చు. దర్వాజ కింద సందుకు రబ్బరు పట్టీ వేయండి. రేకుల ఇంట్లో గోడకూ రేకుకూ మధ్య ఖాళీ ఉంటుంది, దాన్ని మూయకుండా మిషను పెడితే అడవిలో దీపం పెట్టినట్టే. అలాగని ఇరవై నాలుగు గంటలూ మూసి ఉంచొద్దు. మనుషులు వదిలిన గాలి పేరుకుపోతుంది, ఉబ్బరం, చెమ్మ వస్తాయి. చలికాలంలో పొగ నేలకు దగ్గరగా పేరుకునేది రాత్రి, తెల్లవారుజామున. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు మధ్య గాలి కాస్త తేటపడుతుంది. కిటికీలు బార్లా తీయాల్సింది అప్పుడు. 'పొద్దున్నే చల్లగాలి మంచిది' అన్న అలవాటును నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పక్కన పెట్టాలి.

మిషను పెట్టే చోటు కూడా చూసుకోవాలి. గోడకు, పరదాలకు అడుగు దూరం వదలాలి. మంచం కింద, బీరువా పక్క మూలన దూరిస్తే అది వదిలిన గాలినే మళ్లీ తాగుతుంది. బిడ్డ పడుకునే చోటుకు మూడు నాలుగు అడుగుల దూరంలో, గాలి నేరుగా ఒంటి మీదికి కొట్టకుండా ఉండాలి. పైన ఫ్యాను చిన్నగా తిరుగుతుంటే గాలి బాగా కలుస్తుంది. ఆటో మోడ్‌ను నమ్ముకోవద్దు. సెన్సార్ మిషను పక్కనే ఉన్న గాలిని చూసి, బాగుందనుకుని ఫ్యాను తగ్గించేస్తుంది. మంచం దగ్గర ఇంకా పొగ ఉండొచ్చు. వేగాన్ని మీరే మధ్యలో పెట్టి అలాగే వదిలేయండి. మూడు నెలల లోపు బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, ఆ గంటలన్నీ ఒకే గదిలో. ఈ మిషన్‌కు ఉన్న బలమంతా అక్కడే. 30 వాట్ల మిషను రోజంతా నడిచినా నెలకు 22 యూనిట్లే. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మొదలవుతుందో లేదో కొనేటప్పుడే అడగండి. కొన్ని మళ్లీ బటన్ నొక్కేదాకా ఊరకే కూర్చుంటాయి, రాత్రి రెండింటికి కరెంటు పోతే తెల్లారేదాకా ఎవరూ చూడరు.

ఇది చేయలేనివి తెలియకపోతే బిడ్డకు ప్రమాదం. హెపా ఫిల్టరు రేణువులను మాత్రమే పడుతుంది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ దాని గుండా అలాగే బయటికి వచ్చేస్తుంది. బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టి, ప్యూరిఫైయర్ ఉంది కదా అని తలుపులు మూస్తే తల్లీబిడ్డల ప్రాణానికే ముప్పు. వాసన ఉండదు, దగ్గు రాదు, మగతగా నిద్ర పడుతుంది. స్నానం తర్వాత బిడ్డకు ఊదు పొగ పట్టే ఆచారం మన దగ్గర బలంగా ఉంది. ఇంట్లో అవ్వను కాదనలేక చాలామంది తల్లులు ఊరుకుంటారు. ఆ పని ఎందుకు చేస్తున్నారో అడిగితే తల ఆరాలని, ఒళ్లు వెచ్చబడాలని చెప్తారు. ఆ రెండూ మెత్తటి పొడి తువ్వాలతో, గోరువెచ్చని గదితో అయిపోతాయి. 'అవ్వా, ఊదు దేవుని దగ్గర వేద్దాం, పాపను ఈ అర్రలో ఉంచుదాం' అంటే గొడవ లేకుండా పోతుంది.

దోమల చుట్ట ఇంకో పెద్ద సంగతి. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చేదాంతో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. చుట్ట వెలిగించి పక్కన ప్యూరిఫైయర్ నడపడం కంటే బిడ్డకు దోమతెర కట్టడం వంద రెట్లు నయం, డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పగటి నిద్రకూ తెర ఉండాలి. అగరుబత్తి కూడా పడకగదిలో వద్దు. బీడీ తాగేవాళ్లు వాకిట్లోకి కాదు, ఇంటి గేటు అవతలికి వెళ్లాలి. చిన్నపిల్లల మాస్కుల గురించి కొందరు అడుగుతారు. రెండేళ్ల లోపు పిల్లలకు మాస్కు కట్టకూడదు, ఊపిరాడకపోతే తీసేసుకోవడం వాళ్లకు రాదు.

కట్టెల పొయ్యి ఉన్న ఇంటి సంగతి వేరుగా చెప్పాలి. వంట వేళ అలాంటి వంటగదిలో పీఎం 2.5 వందల్లో ఉంటుంది, ఒక్కోసారి వెయ్యి దాటుతుంది. ఆ పొగలోని జిగురు కొన్ని వారాల్లోనే ఫిల్టరు మడతలను మూసేస్తుంది. మిషను తిరుగుతున్న చప్పుడు వస్తుంది, గాలి రాదు. అక్కడ ముందు గ్యాస్. కనెక్షన్ ఉన్న ఇళ్లలోనూ చాయ్‌కీ కూరకూ గ్యాస్, అన్నానికీ నీళ్లు కాగడానికీ కట్టెలు అన్న పద్ధతి నడుస్తోంది, సిలిండర్ త్వరగా అయిపోతుందన్న భయంతో. 2024 ఫిబ్రవరిలో మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయల సిలిండర్ మొదలైనప్పుడు, ఏడాదికి ఎన్ని సిలిండర్లకు రాయితీ అన్నది గత మూడేళ్ల వాడకం సగటును బట్టి పెట్టారు. కట్టెల మీద ఎక్కువ వండుకున్న పేద ఇంటికే తక్కువ సిలిండర్లు దక్కే లెక్క ఇది. పసిబిడ్డ ఉన్న ఇంటికైనా దీన్ని సడలించాలని మేం గట్టిగా కోరుకుంటున్నాం. గ్యాస్ పూర్తిగా కుదరకపోతే నీళ్ల పొయ్యిని బిడ్డ పడుకునే గది కిటికీకి దూరంగా, పెరటి చివరకు మార్చండి. కంది కట్టె, తుమ్మ కట్టె బాగా ఎండినవే వాడండి, పొయ్యి అంటించడానికి పాలిథిన్ కవర్లు వాడొద్దు.

గ్యాస్ మీద వండినా పోపు, వేపుళ్ల నుంచి సన్నని పొగ వస్తుంది. రెండు వేల లోపు వచ్చే 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను దానికి సరిపోతుంది. పొయ్యికి పైన, కప్పుకు దగ్గరగా బిగించాలి. దాని పక్కనే ఉన్న కిటికీ తెరిచి ఉంచితే ఫ్యాను ఆ కిటికీ గాలినే లాగి బయటికి వదులుతుంది, పొయ్యి పొగ గదిలోనే ఉంటుంది. గాలి ఎదురు వైపు నుంచి రావాలి. వంట అయ్యాక ఇంకో పదిహేను నిమిషాలు నడవనివ్వండి. ప్యూరిఫైయర్‌ను వంటగదిలో మాత్రం పెట్టొద్దు, నూనె ఆవిరి ఫిల్టరును పాడు చేస్తుంది.

ప్రకటనల్లో 99.97 శాతం అని రాసేది ఫిల్టరు గుండా పోయిన గాలి సంగతి, గది సంగతి కాదు. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో 540 మంది గర్భిణులతో చేసిన ప్రయోగంలో హెపా మిషన్లు పెట్టిన ఇళ్లలో పీఎం 2.5 సగటున 29 శాతం తగ్గింది. నిజమైన ఇళ్లు, తెరుస్తూ మూస్తూ ఉండే తలుపులు అంటే అంతే. పొగ తగ్గితే న్యుమోనియా దానంతట అదే పోతుందని కూడా అనుకోవద్దు. తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో కట్టెల పొయ్యి ఉన్న 3,200 మంది గర్భిణులను తీసుకుని, సగం మందికి గ్యాస్ ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగంలో పొగ బాగా తగ్గినా, ఏడాది లోపు బిడ్డల్లో తీవ్ర న్యుమోనియా చెప్పుకోదగినంత తగ్గలేదు. అందుకే ఎంత మంచి మిషను పెట్టినా తల్లిపాలు, 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేసే న్యుమోకాకల్ టీకా తప్పనిసరి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట మీది బట్ట తీసి నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టడం ఇంట్లో ఒకరికైనా రావాలి. రెండు నెలల లోపు 60 లేదా ఆపైన, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఆపైన, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఆపైన ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పక్కటెముకల కింద గుంజుకుపోతున్నా, పాలు తాగలేకపోతున్నా వెంటనే ఆసుపత్రికి.

నడిపే ఖర్చులో పెద్దది ఫిల్టరు, 1,500 నుంచి 3,000 దాకా. ఏడాది వస్తుందని డబ్బా మీద రాసినా కంకర మిల్లుల దగ్గర, మెయిన్ రోడ్డు పక్కన ఆరేడు నెలలకే మార్చాల్సి రావచ్చు. చాలా మిషన్లలో ఫిల్టరు లైటు గంటలు లెక్కపెడుతుంది, మురికిని కాదు. బయటి జాలిని వారానికోసారి తుడవండి. హెపాను మాత్రం కడగొద్దు, తడిసిందంటే దాని పని అయిపోయింది. సెన్సార్ కన్నాన్ని రెండు నెలలకోసారి పొడి దూది పుల్లతో తుడవాలి, లేకపోతే అంకె తప్పు చూపిస్తుంది. మన జిల్లా కేంద్రాల్లో కూలర్లు అమ్మే దుకాణాల్లో మిషను దొరికినా ఫిల్టర్లు ఉండకపోవచ్చు. అదే మోడల్ ఫిల్టరు ఆన్‌లైన్లో ఉందో లేదో, ధరెంతో చూశాకే మిషను కొనండి. సగం ధరకు వచ్చే పేరులేని ఫిల్టర్లు అంచుల దగ్గర సరిగా కూర్చోవు, గాలి పక్కనుంచి జారిపోతుంది. పాత ఫిల్టరును బిడ్డ లేనప్పుడు తీసి, దులపకుండా కవర్లో కట్టి పారేయాలి.

మిషను ఇంటికొచ్చిన రోజే వాపసు గడువు లోపల ఒక పరీక్ష చేయండి. ముందు ఫిల్టరు తీసి దాని మీది ప్లాస్టిక్ కవరు చింపండి. ఆ కవరు తీయకుండానే నెలల తరబడి నడిపే ఇళ్లున్నాయి. బిడ్డను వేరే ఇంట్లో ఉంచి, గది మూసి, ఒక అగరుబత్తి రెండు నిమిషాలు వెలిగించి ఆర్పేయండి. మిషను మీద కనిపించే పీఎం 2.5 అంకె పెరగడం ఆగాక పూర్తి వేగంతో నడపండి. గంటకు ఐదుసార్లు తిప్పే మిషన్‌కు అది పదో వంతుకు రావడానికి దాదాపు అరగంట పట్టాలి, పెద్దదైతే ఇంకా ముందే. నలభై నిమిషాలైనా సగం దగ్గరే ఉంటే ముందు వెంటిలేటర్లు, దర్వాజ సందు చూసుకుని మళ్లీ చేయండి, అప్పటికీ అంతే ఉంటే మిషను వాపసు ఇచ్చేయండి. పరీక్ష అయ్యాక కిటికీలు తీసి, అగరుబత్తి వాసన పూర్తిగా పోయాకే బిడ్డను ఆ గదిలోకి తీసుకురండి.